సున్నా దెబ్బల నేల

మట్టి సారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున వచ్చింది. నేను ఫ్యాక్టరీ స్టోరు తలుపులు తెరిచి, ఆ రోజు పద్దుకు తేదీ వేస్తున్నాను. ఫోనులో పెంచలయ్యన్న. ఆయన గొంతు మామూలుగా అరమైలు వినపడుతుంది. ఆ రోజు ఫోను చెవికి అదుముకున్నా సరిగా వినపడలేదు.

"అబ్బయ్యా, సారు పోయినాడంట. నిద్దర్లోనే. అమ్మగారు కాఫీ తీసుకోని పోయి లేపితే లెయ్యలేదంట."

ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఉన్నది ఒక్క సారే.

నేను రాతగాణ్ణి కాను, మాటకారిని అసలే కాను. ఎన్నో ఏళ్ళుగా రోజుకొక పేజీ రాస్తున్నాను గానీ, ఏం వచ్చింది, ఏం వాడాం, ఏం మిగిలింది అన్నంత వరకే. అయినా ఆయన గురించి ఎవరో ఒకరు రాయాలి. ఆయన పేపర్లో పడే మనిషి కాదు. కట్టడం లేచాక అందరూ తలెత్తి చూస్తారు. ఆయన కట్టడం లేవకముందే వచ్చి, తల దించి చూసి, వెళ్ళిపోయే మనిషి. ఆయన చూసిందంతా పునాది కిందే ఉండిపోతుంది.

ఫ్యాక్టరీ కట్టాలన్నా, గోడౌను కట్టాలన్నా ముందు ఆ నేలను పరీక్షించడం ఆయన పని. ఆ నేల ఎంత బరువు మోస్తుంది? నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి? ఆ నీళ్ళలో ఉప్పు ఇనుమును తినేస్తుందా? భూమి అదిరితే కింద ఇసుక జారిపోతుందా? తుపాను వస్తే సముద్రం ఎక్కడిదాకా వస్తుంది? ఇవన్నీ చూసి రిపోర్టు రాసిచ్చేవారు. బిట్రగుంటలో కాపురం. "ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు గుంటలు" అని అమ్మగారు, అంటే సారు భార్య, అంటుండేవారు.

ఆయన నాకు దొరికింది కొడవలూరు పక్కన ఒక రైసు మిల్లులో. నేనక్కడ గుమాస్తాను. పెంచలయ్యన్న వడ్లు కొలిచేవాడు. కొత్త గోడౌను కోసం మిల్లువాళ్ళు సారును పిలిపించారు. పని ముగించుకుని పోతూ, మంచినీళ్ళ కోసం ఆఫీసులోకి వచ్చి, ఆయన నా పద్దు పుస్తకం తిరగేశారు.

"ఎవరిదబ్బా ఈ రాత?"

నేను లేచి నిలబడ్డాను.

"ఎంతదాకా చదివినావు?"

"ఎనిమిది సార్."

"ఇంగ్లీషు గూడా రాసుండావే?"

"మూటల మీద, డబ్బాల మీద ఉండేది చూసి నేర్చుకున్నా సార్."

ఆయన ఇంకో నాలుగు పేజీలు తిప్పారు. "ఒక్క కొట్టివేత లేదు. నాకు ఇట్టాంటోడే కావాల" అన్నారు. పుస్తకం నా చేతికిస్తూ, "కొట్టివేత లేకపోవడం మంచిదో కాదో మళ్ళీ చూద్దాంలే" అని నవ్వారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

బయట పెంచలయ్యన్న రాశి కొలుస్తున్నాడు. మా వైపు వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. పెంచలయ్యన్న "లాభం!" అంటే రోడ్డు మీద పోయే బస్సులో వాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. సారు కాసేపు నిలబడి విన్నారు. "వీడి గొంతు నాకు పనికొస్తుంది. దెబ్బలు లెక్కపెట్టిస్తా" అన్నారు. అలా ఇద్దరం ఆయన వెంట పోయాం.

ఆ దెబ్బల సంగతి చెప్పకపోతే మిగతాది మీకు తెలియదు. మూడు కాళ్ళ స్టాండు, పైన కప్పీ, కప్పీ మీదుగా తాడు, తాడుకు బరువైన ఇనప సుత్తి. బోరు గుంటలోకి ఒక రాడ్డు దించుతాం. దాని చివర గొట్టం ఉంటుంది. రాడ్డు మీద సుద్దతో మూడు గీతలు గీసి, సుత్తిని కొలిచినంత ఎత్తుకు లేపి వదులుతాం. ఆ గీతలు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టాలి. గట్టి నేల ముప్పై, నలభై దెబ్బలు తింటుంది. మెత్తటిది ఐదారుకే లొంగిపోతుంది. తర్వాత గొట్టం పైకి లాగి తెరిస్తే, లోపల ఆ లోతులో ఉన్న మట్టి ఉంటుంది. పెంచలయ్యన్న లెక్క చెప్పడం, నేను రిజిస్టరులో రాయడం.

ఆ గొట్టం తెరిచే ముందు సారు మొహం చూడాలి. అరవై దాటిన మనిషి, పెళ్ళిపందిట్లో చిన్న పిల్లాడిలా అయిపోయేవారు. "ఆగండాగండి, నేనొచ్చేదాకా తెరవొద్దు!" అని ఎంత దూరం నుంచైనా చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు. తెరిచాక చిటికెడు మట్టి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, ఇంకో చిటికెడు పళ్ళ మధ్య పెట్టుకునేవారు. పంటి కింద కరకరలాడితే సన్నిసుక, వెన్నలా జారితే బంక. ఆ తర్వాత ఉమ్మేసి, నోరు కడుక్కుని, జేబులోంచి బిస్కెట్టు తీసి అదే నోటితో తినేవారు.

ఆయన మంచి రోజుల్లో అన్నిటికంటే మంచివి జువ్వలదిన్నె దగ్గర గడిచాయి. చేపల హార్బరుకు కొంచెం ఎడంగా, సరుగుడు తోటలు కొట్టేసిన స్థలంలో రొయ్యల ఫ్యాక్టరీ కట్టబోతున్నారు. రొయ్యలు ఒలిచే హాలు, ఐసు ప్లాంటు, వాటికి చలి పుట్టించే మిషన్ల గది. ఆ మిషన్లలో అమ్మోనియా ఉంటుంది. గది ఏ మూల కుంగినా గొట్టాలు పగులుతాయి. పగిలితే ఆ గాలి పీల్చినవాళ్ళు బతకడం కష్టం. గోడ అవతలే ఒలిచే హాలు. ఊళ్ళో ఆడవాళ్ళలో సగం మంది ఆ హాల్లో పనికి రావడానికి అప్పటికే పేర్లు రాయించుకున్నారు.

మాకు టీ తెచ్చే రమణమ్మక్క పేరు అందులో మొదటిది. ఆమె కూతురి పేరు రెండోది. సారు మట్టి నోట్లో పెట్టుకోవడం మొదటి రోజు చూసి ఆమె, "అయ్యో, సారుకు టిఫిన్ తెచ్చేది దండగ. గుంట తవ్వి ఇస్తే చాలు గదా!" అంది. సారు ఆ నోటితోనే నవ్వబోయి, పొలమారి, ఆమె తెచ్చిన చెంబెడు నీళ్ళూ తాగేశారు.

బోర్లు మొదలుపెట్టకముందు ఆయన రెండు రోజులు ఊరికే తిరిగారు. కొట్టకుండా మిగిలిన సరుగుడు చెట్లు స్థలం అంచున వరసగా ఉన్నాయి. వాటిలో నాలుగైదు మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. "గాలికి ఒరిగితే అన్నీ ఒరగాల గదా, ఇవే ఎందుకు ఒరిగినాయి?" అని నన్నడిగారు. నాకేం తెలుసు? "రాసుకో. అర్థం కానిదే ముందు రాసుకోవాల" అన్నారు. రాసుకున్నాను.

నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు బోర్లు. నాలుగింటిలో మంచి ఇసుక తగిలింది. లోతుకు పోయేకొద్దీ పది, పద్నాలుగు, ఇరవై. ఐదోది నైరుతి మూల. బరువంతా నైరుతిలో ఉండాలని వాస్తు చూసినాయన చెప్పాడని, మిషన్ల గదిని యజమాని అక్కడే పెట్టించాడు. శుక్రవారం శంకుస్థాపన. మేము ఐదో బోరు వేసింది బుధవారం పొద్దున.

ఆ పొద్దున సారు మా దగ్గర లేరు. సుద్దముక్క పట్టుకుని ఊళ్ళోకి పోయి, వెనకటి తుపానుకు నీళ్ళు ఏ గోడకు ఎంతదాకా వచ్చాయో ముసలివాళ్ళను అడిగి గీతలు పెట్టిస్తున్నారు. ఇక్కడ నాలుగు మీటర్ల లోతులో రాడ్డు దించి, దాని మీద సుత్తి ఆనించాం. ఎత్తలేదు, వదల్లేదు. ఆనించగానే రాడ్డు మెల్లగా, పిండిలోకి గరిటె దిగినట్టు, మూడు గీతలూ దాటి దిగిపోయింది.

"లాభం!" అన్నాడు పెంచలయ్యన్న.

నేను ఒకటి అని రాశాను.

ఇంకో మీటరు కిందకు పోయినా అదే. లాభం అన్నాడు, ఒకటి రాశాను. నా కళ్ళు చూశాయి. దెబ్బ పడలేదని నాకు తెలుసు. కానీ మిల్లులో ఎన్నో ఏళ్ళుగా ఆయన అనడం, నేను రాయడం. చెయ్యి కంటి మాట వినలేదు, గొంతు మాట వింది. ఇంకా కిందకు పోతే గట్టి ఇసుక తగిలింది. పని అయిపోయిందని స్టాండు విప్పి లారీకి ఎక్కించడం మొదలుపెట్టారు.

సారు వచ్చారు. రిజిస్టరు చూశారు. నుదురు చిట్లించి, నాలుగో మీటరు గొట్టం తెరిచి, నల్లటి బంకలో బొటనవేలు పెట్టారు. వేలు ఆగలేదు. కణుపు దాకా పోయింది.

"ఇది ఒక దెబ్బ తిన్న మట్టి మాదిరి లేదే" అన్నారు.

ఆయన నా వైపు తిరిగారు. "ఈ అంకె నువ్వు చెవితో రాసినావా, కంటితో రాసినావా?"

నేను చెబితే పెంచలయ్యన్న నలుగురిలో తప్పు చేసినవాడవుతాడు. లారీ ఎక్కించిన సామానంతా దించాలి. యజమాని కేకలు వేస్తాడు. చెప్పకపోతే ఆ ఒకటి ఒకటిగానే రిపోర్టులోకి పోతుంది. రమణమ్మక్క టీ గ్లాసులు కడుగుతూ కూతురితో ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ నవ్వు వినపడుతుంటే నోరు దానంతటదే తెరుచుకుంది.

"చెవితో సార్. దెబ్బ పళ్ళేదు. సుత్తి ఆనించినాం, అంతే, దిగిపోయింది. అన్న లాభం అన్నాడు. నేను ఒకటి రాసినా. రెండు చోట్లా అంతే."

అంతకంటే పెద్ద మాట నేను ఎప్పుడూ ఆడలేదు. తిడతారని తల వంచుకున్నాను. సారు ఎగిరి గంతేసినంత పని చేశారు.

"సున్నా! సున్నా రా అబ్బయ్యా! దించండి, సామానంతా దించండి!"

పెంచలయ్యన్న మొహం ఎర్రబడింది. "వడ్ల రాశి ముందర సున్నా అంటారా సారూ ఎవరన్నా? నా నోటితో ఎప్పుడన్నా అన్నానా? ఇల్లు మునగదా?"

"ఈడ అనకపోతే మునుగుద్ది పెంచలయ్యా" అన్నారు సారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

యజమాని కారు దిగేసరికి స్టాండు మళ్ళీ లేస్తోంది. విషయం విని విసుక్కున్నాడు. "ఒకటికీ సున్నాకీ తేడా ఒకటే గదండీ! ఆ కాస్తకు ఇంత రచ్చా?"

"ఒకటంటే నేల మెత్తన అని. పునాది వెడల్పు చేసి సర్దుకోవచ్చు. సున్నా అంటే మోసేది ఏమీ లేదని. ఉత్త సుత్తిని మొయ్యలేనిది మీ మిషన్లను మోస్తుందా?"

రెండు అడుగులు పక్కకు జరిపి కొత్త బోరు వేశాం. ఈసారి సారు రాడ్డు పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. నాలుగో మీటరు. సుత్తి ఆనించాం. రాడ్డు దిగిపోయింది. అందరూ పెంచలయ్యన్న వైపు చూశారు. ఆయన తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. సముద్రం వైపు ఒకసారి దణ్ణం పెట్టుకున్నాడు. అంత గొంతున్న మనిషి, గుడిలో రహస్యం చెబుతున్నట్టు అన్నాడు: "సున్నా."

నేను కంటితో చూసి రాశాను.

ఆ గొట్టం తెరిస్తే నల్ల బంకలో గుల్లలు, కుళ్ళిన చెట్టు వేరు ముక్క ఒకటి. సారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించారు. రమణమ్మక్క వచ్చి, వేరును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది మడచెట్టు వేరు గదా సారూ. ఉప్పు నీళ్ళ పాయల్లో ఉంటాది. మా అత్త చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు ఈ పక్క పాయ ఉండేదంట. పడవలు ఇట్టనే పొయ్యేవంట. యాడ ఉండేదో నాకు తెలవదు, ఇసక కొట్టుకోనొచ్చి పూడిపొయ్యిందంట."

సారు ఒక్కసారిగా వెనక్కి తిరిగి సరుగుడు చెట్ల వైపు చూశారు. ఒరిగిన ఆ నాలుగైదు చెట్లు. అక్కడి నుంచి మా బోరు దాకా గాలిలో వేలితో గీత గీశారు. ఆ చెట్లు నిలబడింది పాయ గట్టు మీద.

ఇక ఆ మధ్యాహ్నం ఎవరికీ అన్నం గుర్తురాలేదు. చేతితో తిప్పే పొడుగు బర్మాలు తీశాం. పది అడుగులకొక చోట దించి చూడటం, నల్ల బంక తగిలితే సరుగుడు పుల్ల పాతి ఎర్ర గుడ్డ కట్టడం. ఇసుక తగిలితే తెల్ల గుడ్డ. వార్త ఊళ్ళోకి పోయింది. హార్బరు నుంచి వలలు బాగుచేసేవాళ్ళు వచ్చారు, ఆడవాళ్ళు వచ్చారు. "ఎరుపే!" "కాదు, తెలుపు చూడు!" అని పందేలు. బర్మా పైకి లాగిన ప్రతిసారీ గుంపంతా వంగి చూసేది. సారు చెప్పుల్లేకుండా అటూ ఇటూ పరుగులు. ఎండ వాలేసరికి ఎర్ర గుడ్డల వరస వంకర తిరిగి, స్థలం నైరుతి మూలను కోసుకుంటూ సముద్రం వైపు పోయింది. మాలో ఎవరూ చూడని పాయ మా కళ్ళ ముందు మళ్ళీ పారినట్టుంది. ఒక ముసలాయన అంచున నిలబడి, "ఇంకేంది, పడవ తెండి" అన్నాడు.

మర్నాడు సారు యజమానిని ఆ గుడ్డల వెంట నడిపించారు. ఆయన అన్నీ చూసి, "సరే గానీ, మిషన్లు నైరుతిలోనే ఉండాలండీ. అది మాత్రం నేను మార్చను" అన్నాడు.

"మార్చొద్దు. బిల్డింగు మొత్తం ఉత్తరానికి ముప్పై అడుగులు జరపండి. దాని నైరుతి గూడా దాంతోపాటే జరుగుద్ది గదా. అప్పుడు మీ నైరుతి మంచి ఇసక మీద ఉంటాది."

యజమాని ఆపుకోలేక నవ్వాడు. శుక్రవారం ముహూర్తానికే శంకుస్థాపన జరిగింది, ముప్పై అడుగుల అవతల.

ఆ రోజు నేను రిజిస్టరులో తప్పు పేజీ చింపబోతే సారు చెయ్యి పట్టుకున్నారు. "చింపొద్దు. అడ్డంగా ఒక గీత కొట్టు, కింద రాసింది కనపడాల. పక్కన సరైనది రాసి సంతకం పెట్టు. కొట్టివేత లేని పుస్తకాన్ని నేను నమ్మను." మిల్లులో ఆయన నవ్విన నవ్వు అప్పుడు అర్థమైంది. రిపోర్టు అచ్చయి వచ్చాక చివరి పేజీలో, క్షేత్ర నమోదు అన్న చోట, నా పేరు ఉంది. నా పేరు అచ్చులో ఉన్నది ఇప్పటికీ ఆ ఒక్క చోటే.

ఫ్యాక్టరీ లేచాక, సారు ఒక మాట చెబితే నన్ను అక్కడే స్టోరుకు తీసుకున్నారు. వదిలేసిన ఆ మూలను ఖాళీగా ఉంచడం యజమానికి మనసొప్పలేదు. స్కూటర్లు పెట్టుకోవడానికి ఒక రేకుల షెడ్డు వేయించాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి అది ఒక పక్కకు జానెడు కుంగి, తలుపు మూసుకోవడం మానేసింది. నేను సారుకు ఫోను చేశాను. మర్నాడే బస్సెక్కి వచ్చారు. అప్పటికే మోకాళ్ళ నొప్పులు. షెడ్డు ముందు నిలబడి, చుట్టాన్ని చూసినట్టు చూశారు.

"ఏం పాయమ్మా, బాగుండావా?" అని పలకరించి, లోపలికి వచ్చి మిషన్ల గది నేల మీద నీళ్ళ సీసా పడుకోబెట్టారు. సీసా దొర్లలేదు. అటు తిప్పి పెట్టారు, దొర్లలేదు. గోడ అవతల ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తూ పాడుకుంటున్నారు. అది వింటూ ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

ఆయన భూస్థాపన బుధవారం బిట్రగుంటలో జరిగింది. గుంట దగ్గర నిలబడితే నా కన్ను దానంతటదే మట్టి గోడ మీదికి పోయింది. పైన మూరెడు ఎర్ర గరుసు, కింద పసుపు పచ్చ ఇసుక మన్ను, అడుగున గట్టి సుద్ద. నీళ్ళు లేవు. మంచి నేల. సారు ఉంటే చెప్పులు వదిలేసి దిగేవారే.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరూ వరసగా గుప్పెడు మట్టి వేయడానికి నిలబడ్డారు. అమ్మగారి తర్వాత పెంచలయ్యన్న. మనిషి బాగా వంగిపోయాడు. తువ్వాలు తీసి నడుముకు బిగించాడు, వడ్ల రాశి ముందు బిగించినట్టే. గుప్పెడు తీసుకున్నాడు, పెట్టె మీదికి వదిలాడు. పోయిందనుకున్న ఆ గొంతు అప్పుడు లేచింది.

"లాభం!"

కొందరు ఉలిక్కిపడి చూశారు. అమ్మగారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే నవ్వారు.

నేను నా గుప్పెడు వదిలాను. పెంచలయ్యన్న పక్కకు జరిగి నిలబడి, "రెండు" అన్నాడు. నా వెనక రమణమ్మక్క. "మూడు." ఆమె వెనక ఆమె కూతురు. "నాలుగు." జువ్వలదిన్నె నుంచి ఆటోల్లో వచ్చిన ఒలిచే హాలు ఆడవాళ్ళు, వేళ్ళకు రొయ్యల వాసనతో, ఒక్కొక్కరే వంగి మట్టి తీసుకుంటున్నారు. వరస చివర గేటు బయట ఎక్కడో ఉంది. ఎర్ర మట్టి పడుతూనే ఉంది, పెంచలయ్యన్న లెక్కపెడుతూనే ఉన్నాడు.